నిద్రలేమి – నాడు, నేడు

విజయవాడ నుండి మైలవరం పోయే బాట మీద జి.కొండూరు తగులుతుంది. ఇది కృష్ణామండలపు మెట్టసీమ. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇటు కొండపల్లి గుట్టలు, అటు మామిడితోటలు, నడుమ బుడమేరు. వేసవి రోజులలో పగలంతా కాగిన రాళ్లు ప్రొద్దుగూకిన తరువాత కూడ సెగలు విడుస్తూనే ఉంటాయి. ఇండ్లముందు నులకమంచాలు వాల్చుకొని ఆరుబయట పండుకొనుట ఇక్కడివారికి తరతరాల అలవాటు. పగలంతా ఒళ్లు వంచి పనిచేసినవాడు ఆ నులకమంచం మీద వాలినది తడవుగా నిద్రపోతాడు. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అనే సామెత ఇటువంటివారిని చూచియే పుట్టి ఉంటుంది.

కాని సామెత చెప్పినది సగమే. మెత్తని పరుపు, చల్లని గాలి, తలుపు వేసిన గది అన్నీ అమరి కూడ కన్ను మూతపడనివారు ఎందరో ఉన్నారు. వయోజనులలో ఇంచుమించు పదింట ఒకరు దీర్ఘకాలపు నిద్రలేమితో బాధపడుతున్నారని నేటి వైద్యులు లెక్క కట్టినారు. ఇంటిల్లిపాదీ నిద్రించిన తరువాత ఒక్కరే మేలుకొని గడియారపు చప్పుడు లెక్కించే ఆ మనిషి బాధ ప్రక్కవానికి తెలియదు. జ్వరమైతే ఒళ్లు కాలుతుంది, దెబ్బయితే నెత్తురు కనబడుతుంది. నిద్రలేమికి తెల్లవారినాక ఎర్రబడిన రెండు కన్నులు తప్ప సాక్ష్యం లేదు.

ఈ బాధ ఎంత ప్రాచీనమైనది? దీనికి మనిషి ఏయే చికిత్సలు చేసుకొన్నాడు? వానిలో నిలిచినది ఏది, తుదకు ముప్పుగా పరిణమించినది ఏది? ఈ ప్రశ్నలకు చరిత్రలో సమాధానం వెదకాలని మా ప్రయత్నం.

నిద్రపట్టని రాత్రిని గూర్చిన ప్రసిద్ధమైన కథ మనకు మహాభారతంలోనే ఉన్నది. ఉద్యోగపర్వంలో సంజయుడు పాండవుల వద్దనుండి తిరిగివచ్చినాడు. ధృతరాష్ట్రుని కలిసికొని, నిందించి, వారు చెప్పిన మాటలు మాత్రం మరునాడు సభలో వినిపిస్తానని వెళ్లిపోయినాడు. ఆ రాత్రి ముసలిరాజుకు నిద్ర పట్టలేదు. ఒళ్లంతా కాలిపోతున్నట్లున్నదని చెప్పి విదురుని పిలిపించుకొన్నాడు. ఆ ఘట్టానికి పేరే ప్రజాగరపర్వం, అనగా మేలుకొని ఉండుట. పదమూడవ శతాబ్దంలో తిక్కన సోమయాజి ఉద్యోగపర్వాన్ని తెనిగించినప్పటినుండి ఆ రాత్రి తెలుగువారిది కూడ అయినది.

విదురుడు వచ్చి మొదట చేసిన పని ఏమిటో చూడండి. ఆయన ఉపదేశం ప్రారంభించలేదు, ఓషధి పేరు చెప్పలేదు. ఒక ప్రశ్న అడిగినాడు. బలవంతునితో పగ తెచ్చుకొన్న బలహీనునికి, సొత్తు పోగొట్టుకొన్నవానికి, కామార్తునికి, దొంగకు నిద్ర పట్టదు. వీనిలో ఏ దోషమైనా నిన్ను తాకలేదు గదా అన్నాడు. ఆ తరువాత మరింత మెత్తగా, మరింత లోతుగా, పరుల సొమ్మును ఆశించి పరితపిస్తున్నావా అని అడిగినాడు. నిద్రలేమి అనేది ఒక వ్యాధి కాదు, అనేక కారణాలకు ఒకే ముఖం అన్న సత్యం ఆ ప్రశ్నలో ఉన్నది. కారణ మేదో తెలియకుండ చికిత్స లేదని కూడ ఉన్నది.

మన మెట్టసీమలోనే ఇందుకు దృష్టాంతాలు దొరుకుతాయి. జగ్గయ్యపేటకు పూర్వపు పేరు బేతవోలు. దానికి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టినవాడు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. కృష్ణ ఒడ్డున చింతపల్లి రాజధానిగా ఏలిన ఆ జమీందారు తరువాత అమరావతికి తరలిపోయినాడు. ఆ తరలింపుకు జనశ్రుతి ఒక కారణం చెప్పుతుంది. దోపిళ్లు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిపించి, నమ్మి వచ్చినవారి తలలు కొట్టించినాడట. అది మొదలు ఆయనకు మనశ్శాంతి లేకపోయినదట. భోజనానికి కూర్చుంటే విస్తరిలోని అన్నం పురుగులుగా కనబడేదట. ఆ పాపం పోగొట్టుకొనుటకే అమరేశ్వరుని సన్నిధి చేరి దేవాలయాలకు, దానధర్మాలకు ధనం వెచ్చించినాడని చెప్పుకొంటారు. 1807–09 నడుమ మంగళగిరిలో లేపిన గాలిగోపురం ఆయన కట్టించినదే. ఆయన 1816లో మరణించినాడు. కథలో ఎంత చరిత్ర, ఎంత కల్పన అని తేల్చుట మా పని కాదు. చేసిన తప్పు మనిషిని తిననీయదు, పండుకొననీయదు అని ఈ ప్రాంతపు ప్రజ రెండు వందల యేండ్లుగా నమ్ముతూ వచ్చినది. విదురుని జాబితాకు ఇది స్థానికమైన వ్యాఖ్యానం.

సొత్తు పోగొట్టుకొన్నవారి జాగరణకు నిన్నమొన్నటి ఉదాహరణ ఉన్నది. 2024 సెప్టెంబరు మొదటిరోజులలో జి.కొండూరు మండలంలో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడినాయి. నీరు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని రోజులతరబడి ముంచివేసినది. గండ్లు పూడ్చుటకు సైన్యం కూడ రావలసి వచ్చినది. ఇటువంటి విపత్తు చూచినవారికి తరువాత చాల కాలం వరకు రాత్రి చినుకు పడితే మెలకువ వచ్చి కూర్చొనుట సహజం. ఆ మెలకువకు మాత్ర వేసి లాభమేమి? వారికి కావలసినది ముందు గట్టు మీద నమ్మకం.

ఇక వైద్యశాస్త్రం వైపు తిరుగుదాం. ఆయుర్వేదంలో చరకుడు శరీరాన్ని నిలిపే మూడు ఊతకోలలలో ఆహారం తరువాత నిద్రను చెప్పినాడు. సుఖదుఃఖాలు, పుష్టి, బలం, జ్ఞానం, తుదకు బ్రతుకే నిద్రపై ఆధారపడి ఉన్నదన్నాడు. నిద్ర నశించుటకు ఐదు హేతువులు లెక్కించినాడు: పని, కాలం, వ్యాధి, ప్రకృతి, వాతం. కాలమంటే వయస్సు అని వ్యాఖ్యాతలు వివరించినారు. ముసలితనంలో నిద్ర తగ్గుతుందని, కొందరు పుట్టుకతోనే తక్కువ నిద్రపోతారని, పనిభారం వలన నిద్ర చెడుతుందని, ఒంట్లో మరొక వ్యాధి ఉన్నా నిద్ర పోతుందని ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. నేటి వైద్యుడు రోగిని ప్రశ్నించే వరుస కూడ ఇంచుమించు ఇదే.

చరకుడు చెప్పిన చికిత్సలు మన ఇండ్లకు క్రొత్తవి కావు. ఒంటికి నూనె పట్టించుట, నలుగు పెట్టుట, స్నానం, పెరుగన్నం, నెయ్యి, పాలు, కాళ్లుచేతులు పిసుకుట, తలకు లేపనం, ఇంపైన వాసన, మనస్సుకు నచ్చిన శబ్దం, అనువైన శయ్య, తగిన వేళ. నిద్ర పట్టించే పదార్థాలన్నిటిలో బర్రెపాలు శ్రేష్ఠమని ఆయన ప్రత్యేకంగా వ్రాసినాడు. రాత్రి పండుకొనబోయేముందు గ్లాసెడు పాలు త్రాగించే మన పెద్దవారు చరకుని చదివి ఆ పని చేయలేదు. కాని వారిదీ ఆ బాటయే. పగటినిద్ర సాధారణంగా కూడదన్న చరకుడు గ్రీష్మంలో మాత్రం అందరికీ అనుమతించినాడు, ఆ ఋతువులో రాత్రులు కురుచ గనుక. మెట్టసీమ రైతు మధ్యాహ్నపు ఎండలో చెట్టు క్రింద ఒక కునుకు తీయుట సోమరితనం కాదని దీనివలన తెలుస్తున్నది.

మనస్సుకు నచ్చిన శబ్దం అన్నాము. తిరుమలలో ఏకాంతసేవ వేళ స్వామికి తాళ్లపాక అన్నమాచార్యుల లాలిపాట వినిపించుట సంప్రదాయం. దేవునికే జోల పాడిన జాతి మనది. మన స్త్రీల పాటలలో ఊర్మిళాదేవి నిద్ర అనేది ఒకటి ఉన్నది. అన్నగారి వెంట అడవికి పోయిన లక్ష్మణుడు పదునాలుగేండ్లు కన్ను మూయలేదు. ఇక్కడ ఊర్మిళ పదునాలుగేండ్లు కన్ను తెరవలేదు. తిరిగివచ్చి ప్రక్కన కూర్చున్న భర్తను ఆమె గుర్తింపక పరపురుషుడని భయపడి మందలిస్తుంది. ఒకరి జాగరణను మరొకరి నిద్రతో చెల్లు వేసిన ఆ పాటలో గొప్ప లోకజ్ఞత ఉన్నది. నిద్ర బాకీ ఉండిపోదు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, తీర్చవలసిందే.

అయితే ఎల్లవారికీ నూనె, పాలు, పాట చాలలేదు. చాలనివారు నల్లమందును ఆశ్రయించినారు. పనికి పోయే తల్లులు పసిపిల్లలకు నల్లమందు నాకించి పండుకొనబెట్టే అలవాటు మన దేశంలో పలుచోట్ల ఉండేది. 1893లో నియమించిన నల్లమందు రాయల్ కమిషన్ ఆ అలవాటును గూర్చి సాక్ష్యాలు తీసికొన్నది. నల్లమందు నిద్ర ఇస్తుంది, కాని మరుసటి రాత్రికి మరికొంచెం అడుగుతుంది. పిల్లలలో ఊపిరినే ఆపుతుంది. ఇక్కడనుండి నిద్రమందుల చరిత్ర అంతా ఈ ఒకే కథ మరల మరల జరిగినట్లు కనబడుతుంది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా రసాయనశాలలు ఆ కథలోకి ప్రవేశించినాయి. 1857లో లండనులో చార్లెస్ లోకాక్ మూర్ఛలకు పొటాసియం బ్రోమైడు వాడినాడు. త్వరలోనే అది నిద్రకు కూడ వాడుకలోకి వచ్చినది. అది ఒంటిలో పేరుకొని మనిషిని మందబుద్ధిని చేస్తుందని తరువాత తెలిసినది. 1869లో బెర్లినులో ఆస్కార్ లీబ్రైక్ క్లోరల్ హైడ్రేటును నిద్రమందుగా ప్రకటించినాడు. 1903లో ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే జర్మను శాస్త్రజ్ఞులు వెరోనాల్ తెచ్చినారు. దాని వెనుక 1912లో లూమినాల్ వచ్చినది. ఈ బార్బిచ్యురేటు జాతి మందులే అర్ధశతాబ్దం పాటు లోకాన్ని నిద్రపుచ్చినాయి. నిద్రించుటకు చాలిన మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు నడుమ వీనిలో దూరం తక్కువ. మరచి రెండవసారి మ్రింగినవారు, కావాలని మ్రింగినవారు ఎందరో లేవనేలేదు.

అప్పుడు అపాయం లేని నిద్రమందు అన్న పేరుతో మరొకటి వచ్చినది. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడు అమ్మకానికి పెట్టినారు. ఎంత మ్రింగినా చావరు గనుక నిరపాయమని ప్రకటించినారు. గర్భిణీస్త్రీలు వేవిళ్లకు, నిద్రకు వాడినారు. చేతులు, కాళ్లు సరిగా ఎదుగని శిశువులు లోకంలో పదివేలకు పైగా పుట్టిన తరువాత, 1961 నవంబరులో దానిని ఉపసంహరించినారు. నేడు ఏ క్రొత్త మందునైనా ఏండ్లతరబడి పరీక్షించిన పిమ్మటగాని అంగడికి రానీయకపోవుటకు ఆ శిశువుల కన్నీరే ముఖ్యకారణం.

మన దేశపు సర్పగంధ కథ కూడ ఇక్కడ చెప్పుకోదగినది. ఆ వేరును పిచ్చికి, నిద్రలేమికి మన నాటువైద్యులు వాడుతుండేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దానిని గూర్చి వైద్యపత్రికలో ప్రకటించినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటుకు దాని ప్రభావాన్ని లోకానికి చాటినాడు. 1952లో స్విట్జర్లాండులో దానినుండి రెసర్పిన్ వేరుచేసినారు. లోకమంతా కొనియాడినది. కొందరు రోగులలో తీవ్రమైన నిస్పృహ కనబడినదన్న వార్తలు తరువాత వచ్చినాయి. మూలికలో పుట్టినంతమాత్రాన మందు నిరపాయం కాదని సర్పగంధ నేర్పిన పాఠం.

1960లో లిబ్రియం, 1963లో వాలియం వచ్చినాయి. బార్బిచ్యురేటుల కంటె ఇవి నిశ్చయంగా మేలైనవి. వీనిని మాత్రమే మ్రింగి మరణించుట అరుదు. కాని వారాలు గడిచేకొలది ఒళ్లు వీనికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా మానితే చేతులు వణకుట, దిగులు, మునుపటి కంటె తీవ్రమైన నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు కూడ వస్తాయి. అల్ప్రజోలం ఈ కుటుంబంలోనిదే.

ఈ రసాయనాలు ఎక్కడో దూరదేశపు సంగతులని అనుకోవద్దు. జగ్గయ్యపేట దాటితే తెలంగాణ ఎల్ల. అక్కడి పలు జిల్లాలలో చెట్టునుండి దిగిన కల్లు చాలక, నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, అల్ప్రజోలం కలిపి కల్లు పేరుతో అమ్ముట ఏండ్లుగా ఉన్న దురాచారం. 1869లో బెర్లినులో రోగులకు నిద్ర ఇచ్చిన ఆ మందే తెలంగాణ పల్లెకూలీ ముంతలోకి ఈ విధంగా దిగినది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీపై విరుచుకుపడగా నిజామాబాదు, మహబూబ్‌నగర్, మెదకు ప్రాంతాలలో త్రాగుడు అలవాటైనవారికి ఒక్కసారిగా మందు అందలేదు. వణకులు, మూర్ఛలు, వెర్రిమాటలు, కంటికి కునుకు రాని రాత్రులతో వారు ఆసుపత్రులలో చేరినారు; హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కూడ ఎందరినో తీసికొనిపోయినారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించినారు. తాము నిద్రమందు మ్రింగుతున్నామని కూడ తెలియనివారు దానికి బానిసలైన ఈ ఉదంతం నిద్రమందుల చరిత్రలో మిక్కిలి విషాదకరమైన అధ్యాయం.

ఇన్ని మందులు కనిపెట్టిన లోకానికి నిద్ర అంటే ఏమిటో మాత్రం చాలకాలం తెలియలేదు. 1929లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తరంగాలను కాగితం మీద గీయించి చూపినాడు. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనేవారు నిద్రించేవాని కన్నులు రెప్పల క్రింద అప్పుడప్పుడు వేగంగా కదులుతాయని, ఆ సమయంలో లేపితే కల చెప్పుతాడని కనుగొన్నారు. నిద్ర అంటే దీపం ఆర్పినట్లు కాదని, మెట్లుమెట్లుగా దిగి, మరల పైకి వచ్చి, ఇంచుమించు 90 నిమిషాల కొకసారి తిరిగే చక్రమని దీనితో తేలినది. కలల దశలో కండరాలు బిగువు కోల్పోతాయి. ఆ దశలో మనస్సు ముందు మేలుకొని శరీరం ఇంకా మేలుకొనకపోతే, కన్ను తెరచి ఉన్నా కాలు కదలదు, నోరు పెగలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్లుంటుంది. మన పల్లెలలో దయ్యం పట్టి అదిమినదని చెప్పుకొనేది చాలవరకు ఇదే. భూతవైద్యుని పిలువనక్కరలేదు, కొన్ని క్షణాలలో అదే వదులుతుంది.

విదురుని ప్రశ్నకు అప్పటినుండి క్రొత్త క్రొత్త సమాధానాలు చేరినాయి. గురక సంగతి చూడండి. గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడని మనం అసూయపడతాము. కాని కొందరిలో గొంతు మూసుకొనిపోయి ఊపిరి పది సెకండ్లు, అంతకు మించి కూడ ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రి అంతా ఇదే తంతు. వారికి తెల్లవారి తలనొప్పి, పగటివేళ కునికిపాట్లు, రక్తపుపోటు. 1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశాల పరిశోధకులు దీనిని యంత్రంతో నమోదు చేసినారు. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సల్లివన్ ముక్కుకు గాలి ఒత్తిడి అందించే యంత్రాన్ని కనిపెట్టినాడు. ఇటువంటి రోగి నిద్రలేమి అనుకొని నిద్రమాత్ర మ్రింగితే గొంతు కండరాలు మరింత వదులై ప్రమాదం పెరుగవచ్చును.

మరికొందరికి పండుకొనగానే కాళ్లలో ఏదో ప్రాకినట్లు, పీకినట్లు ఉండి, లేచి నాలుగడుగులు వేస్తేగాని ఊరట ఉండదు. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండులో థామస్ విల్లిస్ దీనిని వర్ణించినాడు. 1945లో స్వీడనులో కార్ల్ ఎక్‌బోమ్ దానికి రూపం ఇచ్చినాడు. ఒంట్లో ఇనుము తక్కువైనవారిలో, గర్భిణులలో ఇది తరచు కనబడుతుంది. రక్తహీనత ఎక్కువగా ఉన్న మన స్త్రీలు కాళ్లు పిసికించుకొనుటతో సరిపెట్టుకొనక రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. దీనికి భిన్నంగా, ఎంత నిద్రించినా పగటిపూట మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలో పడిపోయే రోగం ఒకటి ఉన్నది. 1880లో ఫ్రెంచి వైద్యుడు జెలినో దానికి నార్కొలెప్సీ అని పేరు పెట్టినాడు. సోమరి అని తిట్లు తినే విద్యార్థులలో ఈ రోగులు కొందరు ఉంటారు.

చరకుడు మొదట చెప్పిన హేతువు పని. జి.కొండూరుకు పొరుగుననే ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్ విద్యుత్కేంద్రం 1979లో ఉత్పత్తి ప్రారంభించినది. తరువాత దానికి నార్ల తాతారావు పేరు పెట్టినారు. జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారాలు లేచినాయి. మన ఇండ్లలో దీపం వెలుగుటకు అక్కడ కొందరు రాత్రి మేలుకొనాలి. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పనిచేసేవాని శరీరంలోని గడియారం ఎటూ సరిపడక తికమక పడుతుంది. మెదడులోని పీనియల్ గ్రంథి చీకటివేళ మెలటోనిన్ అనే రసాన్ని స్రవిస్తుందని, వెలుగు దానిని అణచుతుందని ఇప్పుడు తెలిసినది. దానిని 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ వేరుచేసినాడు. రాత్రిపని చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవాలంటే గది చీకటి చేయాలి, ఇంటిలోనివారు సద్దు చేయరాదు. ఊర్మిళ కథలో వలె ఇక్కడ కూడ ఒకరి జాగరణలో ఇంటిల్లిపాదికీ పాలు ఉన్నది. మంచం మీద వెలిగే చేతిఫోను కూడ ఆ గ్రంథికి పగటివెలుగు వంటిదే.

మరి ఏ కారణం దొరకని, లేదా కారణం తీరిపోయినా అలవాటుగా మిగిలిపోయిన నిద్రలేమికి చికిత్స ఏది? ఇక్కడ ఇటీవలి వైద్యం చెప్పే మాట వినదగినది. 1972లో అమెరికాలో రిచర్డ్ బూట్‌జిన్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు ఒక సులువైన విధానం చెప్పినాడు. నిద్ర వస్తేనే మంచమెక్కాలి. మంచం మీద చదువుట, లెక్కలు చూచుట, ఆలోచించుట కూడదు. ఇంచుమించు పావుగంటలో నిద్ర రాకపోతే లేచి మరొక గదిలో మసకవెలుతురులో కూర్చొని, కన్ను మూతపడేటప్పుడే తిరిగి రావాలి. రాత్రి ఎట్లు గడిచినా తెల్లవారి ఒకే వేళకు లేవాలి. పగటినిద్ర మానాలి. మంచం చూడగానే దిగులు కలిగే మనిషికి మంచం చూడగానే నిద్ర గుర్తువచ్చేటట్లు మరల నేర్పుట దీని ఉద్దేశం.

1987లో ఆర్థర్ స్పీల్‌మన్ దీనికి మరొకటి చేర్చినాడు. ఐదుగంటలు నిద్రపోయి ఎనిమిదిగంటలు మంచం మీద దొర్లే మనిషి మంచం మీద ఉండే వ్యవధిని ముందు తగ్గించాలి. నిద్ర చిక్కబడినకొలది పదిహేను నిమిషాల చొప్పున పెంచుకొనిపోవాలి. నీళ్లు కలిసిన పాలు కాచి చిక్కబరచినట్లు ఇది. తొలివారాలు కష్టంగానే ఉంటాయి. మూర్ఛరోగులు, మనోవ్యాధి ఉన్నవారు, బండ్లు నడిపేవారు వైద్యుని అడగకుండ దీనికి పూనుకొనరాదు. వీనితోపాటు నిద్రను గూర్చిన భయాలను మాటలతో సరిదిద్దుట కూడ కలిపి ఆరు, ఎనిమిది వారాల చికిత్సగా చేస్తున్నారు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటె ముందు ఈ చికిత్సనే చేయవలెనని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యుల సంఘం సిఫారసు చేసినది.

దీని అర్థం మందు ఎప్పుడూ పనికిరాదని కాదు. ఆత్మీయుని పోగొట్టుకొన్న వారంలో, శస్త్రచికిత్స ముందటి రాత్రి, వైద్యుడు కొద్దిరోజులకు వ్రాసి ఇచ్చిన మాత్ర మేలే చేస్తుంది. ఇరుగుపొరుగువారి చీటీ చూపి అంగట్లో కొన్న మాత్ర, ఏండ్లతరబడి మ్రింగే మాత్ర, సారా చుక్కతో మ్రింగే మాత్ర కీడు చేస్తాయి. ఇప్పటికే అలవాటుపడినవారు ఈ మాటలు చదివి రేపే మానివేయరాదు. వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించుకొనాలి. గురక పెడుతూ ఊపిరి ఆగేవారు, నెలల తరబడి నిద్రలేనివారు, నిద్రలేమితోపాటు బ్రతుకు మీద విరక్తి కలిగినవారు ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. తక్కినవారికి ఇంటిలోనే పాటించదగినవి కొన్ని ఉన్నాయి. సాయంత్రం తరువాత కాఫీ మానుట. త్రాగిన కాఫీలోని సారం సగం తగ్గుటకే ఐదుగంటలు పట్టవచ్చును. రాత్రిభోజనం పెందలకడ ముగించుట. పగలు కొంత ఎండ, కొంత శ్రమ. ముసలివారు తమ నిద్ర యౌవనంలో వలె ఉండలేదని వగచకుండుట.

నల్లమందు నుండి అల్ప్రజోలం వరకు ప్రతి తరమూ నిద్రను బలవంతంగా తెచ్చుకోగలనని అనుకొన్నది. ప్రతి తరమూ అప్పు తెచ్చిన నిద్రకు వడ్డీ కట్టినది. పిలిచినకొలది దూరం పోయి, పిలువకుండ తలుపు తెరచి ఉంచితే వచ్చే అతిథి నిద్ర. చరకుని ఐదు హేతువులూ, నేటి వైద్యుల ప్రశ్నలూ ఆ తలుపుకు అడ్డమేమిటో చూడుమనే చెప్పుతున్నాయి.

ధృతరాష్ట్రుడు ఆ రాత్రి చివరకు ఏమన్నాడు? విదురుడు చెప్పినదంతా విన్నాడు. నీవు చెప్పినదే సత్యం, పాండవుల పట్ల నా బుద్ధి అట్లే ఉంటుంది, కాని దుర్యోధనుని చేరగానే అది తిరిగిపోతుంది అన్నాడు. రోగికి కారణం తెలిసినది, విడువలేకపోయినాడు. ఆ రాత్రి ఆయన నిద్రించనూలేదు. ఆయన రాజు గనుక ఆ నిద్రలేమి యుద్ధంగా పరిణమించినది. మనవంటివారి నిద్రలేమి మన ఒంటినీ, మన ఇంటినీ మాత్రమే కాల్చుతుంది. కాని మనకు ఆయనకు లేని ఒక సౌకర్యం ఉన్నది. రేపటి రాత్రి ఆ ప్రశ్నను మనం మరల వేసికొనవచ్చును. ఈ రాత్రి నిద్ర రాకపోతే గడియారం వైపు చూడక, మాత్రల పెట్టె వైపు చేయి చాపక, ఏది నన్ను మేలుకొల్పుతున్నది అని ఒకసారి అడగండి. సమాధానం దొరికినంతలో తెల్లవారినా, మరుసటి రాత్రికి అది పనికివస్తుంది.